మేనకోడలు అడిగిన తోట

గవ్వల బుట్టను చర్చి వెనక గదిలో చాప మీద బోర్లించగానే విలిమైనా ముఖం పాలిపోయింది. లెక్కపెట్టక్కర్లేకుండానే తెలిసిపోతోంది. చాపంతా నల్లగా పరుచుకుంది. తెల్లవి మధ్యమధ్యలో మాత్రమే.

"ఇంకోసారి చూద్దాం సార్," అంది.

తెల్లవన్నీ ఏరి ఒక పక్కన వరుసగా పేర్చాం. నల్లవి ఇంకో పక్కన. మళ్ళీ అదే. ఊళ్ళో మూడింట రెండు వంతుల మంది నల్ల గవ్వే వేశారు. తెల్లదంటే ఊరిని పై కొండకు మార్చడం సరేనని. నల్లదంటే వద్దని.

అప్పుడే రేవు వైపు నుంచి ఇనుము ఇనుమును రాసుకుంటున్న చప్పుడు వచ్చింది. కిటికీలోంచి చూస్తే, నేల చదును చేసే యంత్రాన్ని బల్లకట్టు మీద నుంచి దింపుతున్నారు. పిల్లలు కేరింతలు కొడుతున్నారు. ఆ పసుపుపచ్చటి యంత్రం మీద నిలబడి అందరికీ చేతులు ఊపుతున్నవాడు విలిమైనా బావ కితియోనే.

"మన గవ్వల కోసం ఎవరూ ఆగలేదు సార్," అంది విలిమైనా.

మా దీవుల దేశపు రాజధాని సువాలో, మా విశ్వవిద్యాలయంలో రాజనీతి, ప్రభుత్వ విధానాల శాఖ చిన్నది. నేనక్కడ ట్యూటర్‌ని. విలిమైనా ఎం.ఏ. రెండో ఏడు విద్యార్థిని. సముద్రం మింగుతున్న ఊళ్ళను ఎత్తుకు మార్చే పని మొదలయ్యాక, ఊరివాళ్ళు మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారో లేదో తేల్చి చెప్పే బాధ్యత మా శాఖకు వచ్చింది. అంతకుముందు మా శాఖ చేసిన పనులన్నీ పుస్తకాల బీరువాల్లో ఉండేవి. ఊళ్ళ బతుకుల్లోకి నేరుగా వెళ్ళే పని ఇదే మొదలు. గవ్వల ఆలోచన విలిమైనాది. ఊరి సభలో చేతులెత్తమంటే రాతూ, అంటే ఊరి పెద్ద, ముఖం చూసి అన్ని చేతులూ లేస్తాయి. అదే ఒక్కొక్కరినీ ఒంటరిగా గదిలోకి పంపి, గుడ్డ కప్పిన బుట్టలో గవ్వ వెయ్యమంటే మనసులో ఉన్నది బయటికొస్తుందని ఆమె వాదన.

మొదటి ఊరు వునితావా. సవుసవు రేవు నుంచి లారీలో సగం రోజు ప్రయాణం. విలిమైనా తల్లి పుట్టిల్లు అదే. ఊరి పెద్ద రాతూ ఇలైసా ఆమెకు సొంత మేనమామ. కితియోనే ఆయన కొడుకు. మా శాఖాధిపతి ప్రొఫెసర్ ఫెసాయితు మొదట ఒప్పుకోలేదు. మేనమామ ఊరికి మేనకోడలిని పంపితే రేపు ఫలితాన్ని ఎవరు నమ్ముతారన్నాడు. కానీ ఆ ఊరి ఆడవాళ్ళు బయటివాళ్ళతో నోరు విప్పరు. చివరికి రెండు షరతులు పెట్టాడు. ఆమె తన అభిప్రాయం ఎక్కడా చెప్పకూడదు. ఊరివాళ్ళు చాటుగా చెప్పిన మాట ఎవరిదో బయటపెట్టకూడదు. విలిమైనా ఒప్పుకుంది. తోడుగా నన్ను పంపారు.

మేం ఊళ్ళో దిగిన రోజున కితియోనే, వేళ్ళు నూరి నీళ్ళలో కలుపుకుని తాగే యంగోనా గిన్నె ముందు కూర్చుని కేకలు పెట్టాడు. "వాసు వచ్చిందిరోయ్! పందుల్ని దాచండి! మరదలు కన్నేసిందంటే కాదనడానికి లేదు!"

ఊరంతా నవ్వింది. వాసు అంటే ఆడపడుచు బిడ్డ. మేనమామ ఊళ్ళో ఏదడిగినా కాదనకూడదు. పూర్వం పడవలు పట్టుకుపోయిన మేనల్లుళ్ళు ఉండేవారట. ఇప్పుడెవరూ అంతంత అడగరు. కోడినో చాపనో అడిగి, నవ్వుకుని వెళ్ళిపోతారు.

లంబాసా చెరుకు తోటల నుంచి వచ్చినవాణ్ణని నన్నూ వదల్లేదు. "ఏం పెర్మాల్ బావా, లంబాసాలో చెరుకు నరకడం మానేసి మా ఊళ్ళో గవ్వలు లెక్కపెట్టుకుంటున్నావా?"

"చెరుక్కి చేతులు కోసుకుపోతాయి బావా. గవ్వలైతే కొయ్యవు," అన్నాను.

కొయ్యవనే అనుకున్నాను.

ఫలితం తెలిసిన మధ్యాహ్నమే విలిమైనా మేనమామ దగ్గరకు వెళ్ళింది. నేనూ వెనక వెళ్ళాను. రాతూ ఇలైసా వసారాలో కూర్చుని యంగోనా వేళ్ళు గీకుతున్నాడు. వయసు మీద పడ్డా ఛాతీ విశాలంగా, గొంతు మెత్తగా ఉండే మనిషి. ఆమె చెప్పింది విన్నాడు. కత్తి ఆగలేదు.

"ఎవరెవరు నల్లది వేశారు?"

"తెలీదు మామయ్యా. తెలిసినా చెప్పను."

"మీ అత్త వేసిందా?"

"తెలీదన్నానుగా."

కత్తి కింద పెట్టాడు. "నేను ప్రభుత్వ కార్యదర్శి చేతిలోంచి తంబువా తీసుకున్నానే. ఆ తిమింగలం పన్ను తీసుకున్న చేతితో మళ్ళీ కాదని ఎలా అనేది? నా నోటితో చెప్పాను, ఊరంతా ఒకటే మాట మీద ఉందని."

"ఊరిని అడక్కుండానే చెప్పావా?"

"మా నాన్న ఎవరిని అడిగాడు? వాళ్ళ నాన్న ఎవరిని అడిగాడు?" అని ఆమె వంక అదోలా చూశాడు. "మీ అమ్మ నిన్ను చదివించింది దీనికేనా, మా ఇళ్ళల్లోకొచ్చి చీకటి గదిలో గవ్వలేయించడానికి? ఇక్కడ మనిషి ముఖం చూసి మాట చెప్తాం."

"అందుకే వాళ్ళు చెప్పలేకపోయారు మామయ్యా."

రాతూ మళ్ళీ కత్తి తీసుకున్నాడు. కార్యదర్శి ఎల్లుండి వస్తున్నాడు. ఆ రోజే పై కొండ మీద మొదటి గడ్డ పెకలించాలి.

ఎందుకు వద్దన్నారో విలిమైనాకు అప్పటికే తెలుసు. గవ్వలు వేశాక కొందరు ఆడవాళ్ళు తమంతట తామే ఆమెతో చాటుగా మాట్లాడారు. వాళ్ళలో అందరికంటే పెద్దది అకెనేతా, విలిమైనా అమ్మమ్మకు చెల్లెలు. మర్నాడు పొద్దున మడ చెట్ల మధ్య బురదలో పీతల కోసం తిరుగుతూ, నేను కాస్త వెనకే ఉన్నా పట్టించుకోకుండా మళ్ళీ అదే మాట ఎత్తింది.

"ఊరు కదలొద్దని ఎవరన్నారే? మొన్న పోటుకి నీళ్ళు నా మంచం కింద పారాయి. కదలాల్సిందే. కానీ ఆ పై కొండ మీద నుంచి సముద్రం కనబడదు. దిగి ఇక్కడికి రావాలంటే సగం పూట, పీతల బుట్టతో ఎక్కాలంటే ఇంకో సగం. మగాళ్ళకేం, పడవలు రేవులోనే ఉంటాయి, వాళ్ళూ రేవులోనే ఉంటారు. పైన మేమూ పిల్లలూ."

"మరి ఎక్కడైతే బాగుంటుంది అమ్మమ్మా?"

అకెనేతా చేతులు బురదలో ఉన్నాయి. గడ్డంతో చూపించింది. ఊరి వెనకే, చర్చి పక్క నుంచి లేచే గట్టు. ఎత్తుంది. నీటి ఊట ఉంది. నేలను పరీక్షించడానికి వచ్చిన ఇంజనీర్లు మొదట్లో ఆ గట్టూ పనికొస్తుందనే అన్నారు. కానీ అది రాతూ కుటుంబం వాటా. దాని నిండా ఆయన యంగోనా తోట, ఏళ్ళ తరబడి పెంచినది.

"సభలో అనాల్సింది కదా."

"ఏమని? రాతూ, నీ తోట పీకేసి మాకు ఇళ్ళు కట్టించమనా? నీకు పిచ్చా? అడిగేదెవరు?" అంది ముసలామె. పీత దొరికింది. దాని కాళ్ళను ఆకుతో కడుతూ, "నేనీ మాటన్నానని ఎక్కడైనా అన్నావో, నీ చెవి తెంపుతా," అంది.

ఊళ్ళో ఫోన్ పలికేది రేవు చివర ఒక్కచోటే. విలిమైనా అక్కడ నిలబడి ప్రొఫెసర్ ఫెసాయితుకు ఫోన్ చేసింది. నాకూ వినబడేలా పెట్టింది.

ఆయన కంగారుపడలేదు. ఆయన కంగారుపడడం నేనెప్పుడూ చూడలేదు. "సారాంశంలో ఇలా రాద్దాం. మారడానికి ఊరు సూత్రప్రాయంగా సిద్ధంగా ఉంది. స్థలం విషయంలో కొన్ని సందేహాలున్నాయి. అది అబద్ధం కాదుగా?"

"నిజం కూడా కాదు సార్."

"విలిమైనా, వచ్చే నెల మన శాఖను సమీక్షిస్తున్నారు. శాఖ ఉండాలా, మూసెయ్యాలా అని. మనం చూపించుకోగలిగిన పని ఇదొక్కటే. నువ్వు గవ్వల లెక్క బయటపెడితే కార్యదర్శి యంత్రాన్ని వెనక్కి పంపేస్తాడు. డబ్బు ఇంకో దీవికి పోతుంది. వునితావా ఇలాగే నీళ్ళల్లో ఉంటుంది. అదీ ఆలోచించు."

"గవ్వ వేసే ముందు ఒక్కొక్కరికీ నేనే చెప్పాను సార్. మీరేది వేస్తే అదే రాజధానిలో వినిపిస్తుందని."

"రేపు నేనూ వస్తున్నాను కార్యదర్శితో. అక్కడ మాట్లాడదాం," అని పెట్టేశాడు.

"పక్కనున్న గట్టు సంగతి చెప్పలేదేం?" అని అడిగాను.

"ఎవరు చెప్పారని అడుగుతారు సార్. నాతో మాట్లాడిన ఆడవాళ్ళు గుప్పెడు మంది. మామయ్య ఒక్క పూటలో కనిపెట్టేస్తాడు," అంది.

రేవు మీంచి తిరిగి వస్తుంటే కితియోనే ఎదురుపడ్డాడు. యంత్రం నడిపే పని అతనికే ఇచ్చారు. వేళాకోళమేమీ లేదు ముఖంలో. గవ్వల సంగతి తెలిసిపోయింది.

"ఏం మరదలా, మమ్మల్ని ముంచడానికే వచ్చావా?"

"నేను ముంచడమేంటి బావా? మీ ఊరివాళ్ళే..."

"మా ఊరివాళ్ళు!" గొంతు పెరిగింది. "రా, చూద్దువుగాని."

చెయ్యి పట్టుకుని వాళ్ళింటికి లాక్కెళ్ళాడు. సముద్రం వైపు మొదటి వరసలో ఇల్లు. లోపల చాపలన్నీ కర్రల మీద ఆరేసి ఉన్నాయి. నేల తడిగా, ఉప్పు కంపుగా ఉంది. అతని భార్య బల్ల మీద కూర్చుని నెలల పాపకు పాలిస్తోంది. పాప దగ్గుతోంది.

"పుట్టినకాడ్నించీ ఇదే దగ్గు. పొడి నేల మీద ఒక్క రోజు పడుకోలేదు. పై కొండైతే ఏం, చంద్రమండలమైతే ఏం, పొడిగా ఉంటే చాలు నాకు. నీకు సువాలో మూడో అంతస్తులో గది ఉంది. నువ్వు మా సభలో నిలబడి వద్దన్నారని చదువు. తర్వాత మీ పుస్తకంలో రాసుకో, బ్రహ్మాండమైన ఫలితమొచ్చిందని."

విలిమైనా పాప దగ్గు ఆగేదాకా అక్కడే నిలబడింది. తర్వాత బయటికొచ్చి నడిచాం.

"అతను చెప్పింది అబద్ధం కాదు సార్," అంది చివరికి.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నుంచే వాన జల్లు. సభ ఊరి హాల్లో. కొత్త చాపలు పరిచారు. పైన రాతూ ఇలైసా, ఆయన పక్కన కార్యదర్శి, ప్రొఫెసర్ ఫెసాయితు. గోడ పక్కన విశ్వవిద్యాలయం తరపున విలిమైనా, నేను. కింద, తలుపు దగ్గర ఆడవాళ్ళు. యంగోనా స్వాగతం, చప్పట్లు, ప్రార్థన, అన్నీ పద్ధతిగా జరిగాయి. ఈలోగా పోటు ఎక్కి, హాలు మెట్ల కిందకి నీళ్ళు వచ్చాయి. ఎవరూ అటు చూడలేదు. చూడనట్టు కూర్చున్నారు.

కార్యదర్శి మంచి వక్త. దేశంలో మిగతా ఊళ్ళకు వునితావా ఆదర్శమన్నాడు. ఊరంతా ఒకే మాట మీద నిలబడడం అరుదన్నాడు. "ఇక విశ్వవిద్యాలయం వారు తమ ఫలితాన్ని రెండు ముక్కల్లో చెబితే, అందరం కొండెక్కుదాం," అని నవ్వాడు.

విలిమైనా లేవకుండానే, కూర్చున్నచోటే మాట్లాడింది.

"గవ్వ వేసినవాళ్ళలో మూడింట రెండు వంతుల మంది పై కొండకు పోవడానికి ఒప్పుకోలేదు. ఇది మా ఫలితం."

వాన చప్పుడు ఒక్కసారిగా పెద్దదైనట్టు అనిపించింది. రాతూ తల ఎత్తలేదు. కార్యదర్శి నవ్వు అలాగే ఉంది కానీ కళ్ళల్లో లేదు. ఆమెను వదిలేసి ప్రొఫెసర్ వైపు తిరిగాడు.

"ప్రొఫెసర్‌గారూ, ఈ అమ్మాయి రాతూ గారి మేనకోడలని విన్నాను. ఇంట్లో గొడవలేవో ఉండొచ్చు. నేనడిగేది మీ విశ్వవిద్యాలయాన్ని. ఇది మీ శాఖ ఫలితమేనా?"

ప్రొఫెసర్ ఫెసాయితు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తుడుస్తూనే ఉన్నాడు. ఆయన ఏమంటాడో నాకు నిజంగా తెలియదు. చేతిలో సారాంశం కాగితం మడిచి ఉంది. అందులో ఏం రాసుకొచ్చాడో కూడా తెలియదు.

"అవును. మా శాఖ ఫలితమే. పద్ధతి నేను ఆమోదించాను. లెక్కలో తేడా లేదు," అన్నాడు.

కాగితం జేబులో పెట్టేసుకున్నాడు. విలిమైనా వైపు చూడలేదు.

కార్యదర్శి సహాయకుడితో ఏదో గుసగుసలాడాడు. తర్వాత గొంతు పెంచకుండానే చెప్పాడు. "సరే. ఇష్టం లేని ఊరిని నేను బలవంతంగా కదిలించను. యంత్రం రేపు బల్లకట్టు ఎక్కుతుంది. వరసలో ఇంకా చాలా ఊళ్ళున్నాయి. మీ వంతు మళ్ళీ ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను."

అంతే, హాలంతా కందిరీగల తుట్టె కదిలినట్టయింది. మగవాళ్ళు ఒకరి మీదొకరు అరుస్తున్నారు. కితియోనే లేచి నిలబడ్డాడు. రాతూ ముందు అలా నిలబడడం తప్పు, అయినా నిలబడ్డాడు. "నల్లది వేసినవాళ్ళు చెయ్యెత్తండి! నా బిడ్డ ముఖం చూసి చెయ్యెత్తండి!" అంటున్నాడు. ఆడవాళ్ళెవరూ కదల్లేదు. అకెనేతా నేల చూపు చూస్తోంది. రాతూ ఇలైసా మాత్రం బొమ్మలా కూర్చున్నాడు. ఊరంతా తన మాట మీద లేదని అతిథి ముందు తేలిపోయింది. ఇప్పుడు నోరెత్తి కొట్టుకుంటున్నారు.

అప్పుడు విలిమైనా నా పక్క నుంచి లేచింది. వంగి, జనం మధ్య నుంచి నడిచి, తలుపు దగ్గర ఆడవాళ్ళ వరసలోకి వెళ్ళి కూర్చుంది. చేతులు గుల్లగా చేసి చప్పట్లు కొట్టింది. ఒక్కసారి కాదు, పెద్దలతో విన్నపం చేసుకునేటప్పుడు కొట్టే చప్పట్లు. మెల్లిమెల్లిగా అరుపులు తగ్గాయి.

"మామయ్యా," అంది. "ఇప్పుడు నేను యూనివర్సిటీ తరపున మాట్లాడడం లేదు. ఆ చాప మీంచి లేచి వచ్చేశాను. నీ చెల్లెలి కూతుర్ని. ఈ ఊరి వాసుని. ఇన్నేళ్ళలో నిన్ను ఒక్క కోడిపిల్ల కూడా అడగలేదు."

రాతూ మొదటిసారి తలెత్తాడు.

"విలిమైనా," అని ప్రొఫెసర్ హెచ్చరికగా పిలిచాడు. ఆమె వినిపించుకోలేదు.

"చర్చి వెనక గట్టు నాకు కావాలి. తోటతో సహా. ఎవరూ నన్ను అడగమనలేదు. నాకే కావాలి. నాకిస్తే, ఈ ఊరికి ఇళ్ళు కట్టుకోవడానికి ఇచ్చేస్తాను."

కోడినో చాపనో అడిగే చోట కుటుంబం నేల అడిగింది. అదీ నలుగురి ముందు, అతిథి ముందు. కాదంటే వాసుని కాదన్న రాతూగా మిగిలిపోతాడు. ఔనంటే తాతలనాటి గట్టు, తన చేతులతో నాటిన తోట పోతాయి. విలిమైనా వేళ్ళు చాప అంచును గట్టిగా పట్టుకుని ఉన్నాయి. కితియోనే నిలబడినవాడు నిలబడినట్టే ఉండిపోయాడు. ఆ తోట రేపు అతనికి రావాల్సిందే కదా.

రాతూ ఇలైసా కొడుకు వైపు చూశాడు. "ఏరా, నువ్వేమంటావ్?"

కితియోనే గొంతు సవరించుకున్నాడు. "నేలది ఏముంది నాన్నా, పొడిగా ఉంటే చాలు," అన్నాడు. అని, గబుక్కున కూర్చుండిపోయాడు.

రాతూ చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. తర్వాత మేనకోడలితో, ఆ మెత్తటి గొంతుతోనే అన్నాడు.

"తీసుకో. గట్టు తీసుకో, తోట తీసుకో. నా నోట్లో మాట ముందే తీసేసుకున్నావు. ఇంకేమైనా మిగిలిందా?"

"లేదు మామయ్యా," అంది విలిమైనా. ఆమె బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

రాతూ లేచి, ఎవరి వంకా చూడకుండా, వానలోకి నడిచి వెళ్ళిపోయాడు. మెట్ల కింద నీళ్ళు ఆయన మోకాళ్ళ దాకా ఉన్నాయి.

కార్యదర్శి తనతో వచ్చిన ఇంజనీరును పిలిచాడు. ఆ గట్టు సంగతి ముందే చూశామని ఇంజనీరు చెప్పాడు. యంత్రం ఎలాగూ వచ్చి ఉంది. పటాలు తెప్పించారు, సువాకు ఫోన్లు వెళ్ళాయి, రేవు చివర కార్యదర్శే గొడుగు కింద నిలబడి అరుస్తూ మాట్లాడాడు. విలిమైనా ఇంకో మాటన్నది. ఈ గట్టు విషయంలో కూడా ఊరంతా గవ్వలు వెయ్యాలి, వేయించేది తను మాత్రం కాకూడదు. మర్నాడు ప్రొఫెసర్ ఫెసాయితు స్వయంగా బుట్ట ముందు కూర్చున్నాడు. ఈసారి నల్లవి వెతుక్కోవాల్సి వచ్చింది.

యంత్రం గట్టెక్కే ముందు రాతూ ఇలైసా ఒక్కడే తోటలోకి వెళ్ళి మొక్కలు పెకలించడం మొదలుపెట్టాడు. కాసేపటికి కితియోనే పార పట్టుకుని వెళ్ళాడు. తర్వాత ఊళ్ళో మగవాళ్ళంతా వెళ్ళారు. విలిమైనా వెళ్ళబోతే అత్త ఆపింది. "ఇప్పుడొద్దమ్మా," అంది. మేం లారీ ఎక్కేదాకా మేనమామ ఆమెతో మాట్లాడలేదు.

సువాలో ఆమె కోసం ఇంకో సభ సిద్ధంగా ఉంది. పరిశోధకురాలిగా వెళ్ళి, ఊరి నిర్ణయంలో తానే చెయ్యి పెట్టిందని పరిశోధన నియమాల సంఘం విచారణ పెట్టింది. ఎందుకు అడిగావంటే ఆమె ఒకటే చెప్పింది, నాకు కావాలనిపించిందని. అకెనేతా పేరు రాలేదు, ఇంకెవరి పేరూ రాలేదు. నాకు తెలిసినా నేనూ చెప్పలేకపోయాను. చెబితే ఆమె దాచింది వృథా అయ్యేది. వునితావాలో చేసిన పనంతా ఆమె సిద్ధాంత వ్యాసంలోంచి తీసెయ్యాలని తీర్పిచ్చారు. ఏడాది చదువు పోయింది. తీర్పు తప్పని ప్రొఫెసర్ ఫెసాయితు అనలేదు. కానీ బయటికొచ్చాక ఆమెతో, "నీ స్థానంలో నేనుంటే నోరు తెరిచేవాణ్ణి కాదు. అది గొప్పని చెప్పడం లేదు," అన్నాడు.

శాఖ మాత్రం నిలబడింది. సమీక్షకు వచ్చినవాళ్ళు గవ్వల పద్ధతి గురించే ఎక్కువసేపు అడిగారు. ఆ ఏడాది మా శాఖ సాధించిన విజయాల్లో వునితావా మొదటిది. ఆ పేజీలో గట్టు మీద ఇళ్ళ ఫోటో ఉంది. విలిమైనా పేరు ఎక్కడా లేదు. ఉండకూడదని ఆమే కోరింది.

ఇళ్ళు పూర్తయ్యాక విలిమైనా తల్లి పెద్ద తంబువా ఒకటి సంపాదించి, కూతుర్ని వెంటబెట్టుకుని క్షమాపణ చెప్పుకోవడానికి అన్న దగ్గరకు వెళ్ళింది. నన్నూ రమ్మన్నారు. రాతూ ఇలైసా కొత్తింటి వసారాలో కూర్చున్నాడు. అక్కడి నుంచి సముద్రం బాగా కనబడుతోంది. తంబువా అందుకుని, ఒడిలో పెట్టుకుని, చెల్లెలితో అన్నాడు.

"దీనికి క్షమించడమేంటి? అడగడం దాని హక్కు. నలుగురిలో అడిగింది, అదే నా బాధ. ముందు రోజు నా దగ్గరకొచ్చి చెవిలో అడిగుంటే నా పరువు నాకుండేది కదా?"

విలిమైనా తల ఎత్తింది. "ముందే అడిగుంటే ఇచ్చేవాడివా మామయ్యా?"

తల్లి ఆమె మోచేతిని గిల్లింది. రాతూ ఇలైసా కింద పాత ఊరి వైపు చూస్తూ కూర్చున్నాడు. అబద్ధం చెప్పడం ఆయనకు అలవాటు లేదు.

"ఇచ్చేవాణ్ణి కాదే," అన్నాడు. ఆ తర్వాత లోపలికి కేకేశాడు. "ఎవరక్కడ? పిల్ల పొద్దున్నుంచీ ఏమీ తినలేదు."

పీతలు, చేమదుంపలు, కొబ్బరిపాలలో ఉడికించిన చేమాకు వచ్చాయి. కితియోనే పాపను తెచ్చి విలిమైనా ఒళ్ళో పడేశాడు. పాప ఆమె జుట్టు పట్టుకుని లాగింది. దగ్గు లేదు.

ఆ తర్వాతి నెలలో విలిమైనా వ్యాసం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఈసారి కండావు దీవిలో ఒక ఊరు. అక్కడ ఆమెకు మేనమామలెవరూ లేరు.